బొమ్మలో కుడివైపు గోడ

నవంబర్ 18

హోసూరు. జిరాక్సు షాపులో, నెట్‌లో దొరికిన పాత అచ్చుబొమ్మను పెద్దది చేయించాను. టిప్పు కాలపు యుద్ధం ముగిశాక ఎవడో దొర వేప్పనపల్లి దాటి వచ్చి, మా గుట్ట ముందు కూర్చుని గీసుకున్నాడు. తర్వాతి శతాబ్దంలో లండన్‌లో రేకు మీద చెక్కి అచ్చేశారు. కింద మా ఊరి పేరు, నోరు తిరగని వాడు పలికినట్టు. పైన కూలిన కోటగోడ. ముందు ఆవులు, పిల్లనగ్రోవి ఊదే గొల్లవాడు, కొబ్బరిచెట్లు. మా గుట్ట దగ్గర కొబ్బరిచెట్లు! ఫిరంగులు పేలిన చోట ఒక్క శవం లేదు, ఒక్క కాలిన కప్పు లేదు. చల్లని సాయంత్రం... ఒళ్ళు మండింది.

అయినా ఇదే దిక్కు. పైన ఉన్నది కోట అని తేలితేనే గుట్టను పగలగొట్టే క్వారీ లీజు ఆగుతుంది.

నవంబర్ 21

ఊళ్ళోంచి పెద్దమ్మ కూడా వచ్చింది. కృష్ణగిరి గనుల ఆఫీసులో ఇద్దరం. ఆఫీసరు బొమ్మను, నేను తీసిన ఫోటోను పక్కపక్కన పెట్టాడు.

"బొమ్మలో గోడ కుడివైపు ఉండాది. మీ గుట్టకు ఎడమవైపు. ఇది మీది కాదమ్మా. మీదాన్లో ఉండేది ఎవరో పేర్చిన రాళ్ళు."

పెద్దమ్మ కుర్చీ అంచున కూర్చుని — "ఏటా కొత్త రాగులొస్తే మొదటి సంగటిముద్ద ఆ గోడ మీదనే పెట్టొస్తాం సామీ. కోటలో ఆకలికి చచ్చినోళ్ళకి."

"ముద్ద సాక్ష్యం కాదమ్మా." నవ్వాడు.

బస్టాండు దాకా పెద్దమ్మ తిట్లే. "తెల్లోడు లేని టెంకాయచెట్టు పెడితే సాక్ష్యం. మనం ఉన్న ముద్ద పెడితే కాదంట!"

నవంబర్ 22

కంపెనీలో పని సాగలేదు. పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను.

నవంబర్ 25

కంపెనీ బస్సులో సెల్ఫీ. ఐడీ కార్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి — అద్దంలోలా.

దిగేలోపే బొమ్మను ఫోనులో కుడి ఎడమలు తిప్పి చూశాను. మా గుట్టే! బండ వంపు, నడుమ చీలిక, ఎడమవైపు గోడ. చెక్కినవాడు చూసింది చూసినట్టే రేకు మీదికి దించాడు, అచ్చులో కుడి ఎడమైంది. తన ఇంగ్లీషు అక్షరాలను మాత్రం తిరగేసి చెక్కడం మరిచిపోలేదు. మా కొండనే మరిచాడు.

డిసెంబర్ 2

తిప్పిన బొమ్మతో మళ్ళీ కృష్ణగిరి. "తిప్పితే ఏ గుట్టైనా ఏ గుట్టో అవుతాదమ్మా. పైకి పంపిస్తా, చూద్దాం" అన్నాడు ఆఫీసరు. తలుపు దగ్గర క్వారీ మేస్త్రీ ఇకిలిస్తున్నాడు — "ఈసారి తలకిందులు చేసి తెస్తావా పాపా?"

బొమ్మను చుట్టి సంచిలో పెట్టుకుని, వాణ్ణి తోసుకుంటూ బయటికొచ్చాను.

డిసెంబర్ 5

ఏ కబురూ లేదు.

డిసెంబర్ 9

పొద్దున్నే పెద్దమ్మ ఫోను. "బండకి తూట్లు కొట్టే కంప్రెసర్ గుట్ట మీదికి ఎక్కిస్తాండారే. వస్తావా, ఆడనే బొమ్మలు తిప్పుకుంటా ఉంటావా?"

షిఫ్టు ఎగ్గొట్టాను. గోడ మీద కూర్చుని రాస్తున్నాను. పెద్దమ్మా, ఊరి ఆడవాళ్ళూ దారికి అడ్డంగా కూర్చున్నారు. కింద నుంచి మేస్త్రీ గొంతు చించుకుంటున్నాడు —

"ఏయ్ పాపా! కోటగోడ మీంచి దిగు! పడి చస్తే కేసు మా మీదికొస్తాది!"

కోటగోడ అన్నాడు.

పెద్దమ్మ పక్కున నవ్వింది. "ఇంకోతూరి చెప్పప్పా, ఆఫీసరుకి ఇనపడేట్టు!"

వాడు అటు తిరిగి మిషనువాడికి చేయి ఊపాడు. కంప్రెసర్ మోత మొదలైంది. ఎవరూ లేవలేదు —