నల్ల అంచు టోపీ

నా మొండిఘటానికి,

ఇక్కడ నేను బాగున్నాను, పాప బాగుంది. అక్కడ నువ్వూ అత్తయ్యా బాగున్నారనే అనుకుంటున్నాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. పాపని ఈ పెద్ద ఆసుపత్రికి తీసుకొచ్చేశాక నీకు అక్కడ రెండో ఆపరేషన్ కావడం, ఒకే ఇంటివాళ్ళం రెండు ఊళ్ళలో పడి ఉండటం, ఏం ఖర్మో మనది! ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, ఏడిస్తే కుట్లు లాగుతాయి అని అత్తయ్య పెట్టిన రూలు నాకూ మంచిదే అయింది. నా గొంతు వింటే ఇట్టే పట్టేసేదానివి.

నీ ఉత్తరం అంబులెన్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. మూడు ప్రశ్నలు వేశావు.

పాప పాలు తాగుతోందా అన్నావు. ముక్కులో గొట్టం తీసేశారు. నువ్వు ఐసు పెట్టెలో పంపే పాలే చెంచాతో పడుతున్నారు. కాస్త ఆలస్యమైతే ఆ అరుపు వినాలి! పిట్ట కొంచెం, కూత ఘనం. కోపం మాత్రం అచ్చం మీ అమ్మదే. ఈ ముక్క అత్తయ్యకి చదివి వినిపించకు. ఊపిరి తనే తీసుకుంటోంది. ప్రాణానికి భయం లేదని పెద్ద డాక్టరు తన నోటితోనే చెప్పాడు. ఇది నిజం, నా మీద ఒట్టు.

రెండోది ఫోటోల సంగతి. "ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ నువ్వే తీస్తావు, కన్నకూతుర్ని మాత్రం పొగలో పెట్టి తీశావేం?" అని దులిపేశావు. ఆ గదిలో దీపాలు బాగా తగ్గించి ఉంచుతారు. నెలలు నిండని పిల్లలకి వెలుతురు పడదట. అద్దాల పెట్టెల మీద దుప్పట్లు కూడా కప్పుతారు. ఫ్లాష్ మాట ఎత్తితే నర్సమ్మ కళ్ళతోనే కాల్చేస్తుంది. ఫోకస్ కోసం కెమెరా వేసే చిన్న ఎర్ర లైటు కూడా ఆపేయమంది. కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకోవాలంటే దానికి వెలుగూ నీడా విడిపోయే గీత ఒకటి కనబడాలి. తెల్లటి పక్క, తెల్లటి గుడ్డ, పాలిపోయిన బుగ్గ, ఆ మసక చీకట్లో గీత ఎక్కడిది? లెన్స్ ముందుకీ వెనక్కీ గర్రుమంటూ వెతికి వెతికి, చివరికి పెట్టె అద్దం మీది గీతనే పట్టుకునేది. మొదటి ఫోటోలు అలా పాడయ్యాయి.

అప్పుడు నువ్వు అల్లిన టోపీ వచ్చింది. తెల్ల ఊలు అయిపోతే అంచు నల్లదానితో ముగించానని, పసిపిల్లకి నలుపేమిటని అత్తయ్య గొణిగిందని రాశావు. ఆ నలుపే నా పాలిట దేవుడైంది. లెన్స్ పూర్తిగా తెరిచి, ఫోకస్ చుక్కని పాప నుదుటి మీది నల్ల అంచుకి ఆనించి బటన్ సగం నొక్కాను. టక్కున పట్టేసింది. అంచూ కళ్ళూ ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి, అలాగే పట్టుకుని కెమెరాని కొంచెం కిందికి దించితే చాలు.

మరి టోపీ పెట్టాక తీసినవి కూడా మసకగానే ఉన్నాయేం అంటావు. నీ దగ్గర దొంగతనం దాగదు. అవి ఫోకస్ పట్టినవే. పట్టాక నేనే చేత్తో రింగు తిప్పి చెడగొట్టాను.

నీ మూడో ప్రశ్న, కళ్ళు ఎవరి పోలిక అని. పాప కంటి వెనక రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతున్నాయట. వదిలేస్తే చూపు పోతుందని, వెంటనే లేజర్ చెయ్యాలని కళ్ళ డాక్టరమ్మ చెప్పింది. నిన్ను అడిగే వ్యవధి లేదు. ఉందేమో, నాకే ధైర్యం లేదు. సంతకం పెట్టేశాను. చేసేశారు. రెప్పలు వాచాయి. ఆ వాపు నీ కంట పడకూడదనే ఫోటోలు మసక చేశాను. చూపు నిలిచిందో లేదో వచ్చేవారం పరీక్ష చేస్తేగానీ చెప్పలేమంటున్నారు. ధైర్యంగా ఉండండి అంటుంది డాక్టరమ్మ. ధైర్యమేమైనా అంగట్లో దొరుకుతుందా? నాకు భయంగా ఉందే. వరండాలో ఎవరి చెప్పుల చప్పుడు విన్నా డాక్టరమ్మేనేమోనని లేచి నిలబడుతున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పెళ్ళిళ్ళలో పొద్దస్తమానం నేను అనే మాట ఒకటే కదా, "ఇటు చూడండి" అని. ఆ పెట్టె ముందు నిలబడితే ఆ మాట నోట రాలేదు. అన్నాక తను చూడకపోతే? ఎప్పటికీ చూడలేకపోతే? అందుకే ఇన్నాళ్ళూ మూగవాడిలా ఫోటోలు తీశాను.

ఇవాళ పొద్దున నర్సమ్మ పాప కళ్ళలో మందు చుక్కలు వేసి, "ఏమయ్యా, ఎప్పుడు చూసినా ఆ డబ్బా వెనకే దాక్కుంటావు, పిల్లతో ఒక్క మాటైనా మాట్లాడవేం?" అని కేకలేసింది. నల్ల అంచు మీద చుక్క పెట్టాను. పట్టింది. "ఇటు చూడమ్మా" అన్నాను. పాప తల తిప్పింది. రెప్పలు కొంచెం విచ్చుకున్నాయి. నొక్కాను.

నా గొంతుకి తిరిగింది. చూసిందో లేదో ఎవరికీ తెలియదు.

ఈసారి రింగు ముట్టుకోలేదు. ఫోటో లోపలి కవర్లో ఉంది. అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని తెరువు. వాపు చూసి బెదిరిపోకు. కళ్ళు నీ పోలికే. నువ్వు త్వరగా లేచి రా. పరీక్ష రోజు ఆ వరండాలో నేనొక్కణ్ణే కూర్చోలేను.

ఇట్లు,
నీ పిరికి మొగుడు