మాయం కాని బస్సు

ఆదివారం, రాత్రి భోజనమయ్యాక.

కంప్యూటర్ గేములో నేను కడుతున్న తార్నాకలో ఇవాళ ట్రాఫిక్ పూర్తిగా స్తంభించింది. అందులో క్యాంపస్‌కు వెళ్లే బస్సుకు నా భార్య సుజాత పేరు పెట్టుకున్నాను. బతికున్నన్నాళ్లూ తను ఆ దారినే లైబ్రరీలో పనికి వెళ్లేది. ఆ బస్సు చౌరస్తాలో ఇరుక్కుంది.

మధ్యాహ్నం వచ్చిన మా అమ్మాయి చూసి నవ్వింది. "నాన్నా, ఇరుక్కున్న బండ్లు మాయమయ్యే సెట్టింగ్ ఉంటది. ఆన్ చెయ్, రోడ్డు ఖాళీ అయితది."

"అమ్మ బస్సు కూడా పోతది కదా."

అమ్మాయి నా చేతిలోంచి మౌస్ లాక్కుని సెట్టింగులు తెరిచింది. "ముందర జాగ లేకున్నా బండ్లు చౌరస్తల దూరొచ్చని టిక్ పెట్టిందెవరు?"

"నేనే. మన తార్నాకల అంతే కదా!"

"పక్కా హైదరాబాదీవి నాన్నా! తీసెయ్ దాన్ని."

మౌస్ తీసుకుని ఆ టిక్ తీసేశాను. ఒక్కొక్క బండీ కదిలింది. సుజాత బస్సు లైబ్రరీ ముందు ఆగేసరికి ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఈ ఇంట్లో అంత సందడి విని ఏడాది దాటింది.

మాయమయ్యే సెట్టింగ్‌ను మాత్రం ముట్టుకోలేదు. రేపు మళ్లీ జామ్ కావచ్చు. బస్సు ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు.