ఏడు గ్లాసులు ఉమ్మిన పిల్ల

తాతయ్యకు ఫ్లోరెన్స్ వందనాలు.

మన ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్లు లేరు. చిన్నప్పుడు కిటికీ పక్కన ఊరికే కూర్చుంటే ప్రార్థన చేసుకుంటోందన్నారు. ఇప్పుడేమో, ఈ గ్రీకు దీవిలో వైన్ తయారీ శిక్షణ మొదటిరోజు రుచి చూసి బకెట్లో ఉమ్ముతున్న ఫోటో నానమ్మకు పంపితే, మీరు మన ఊరి బారిడీహ్ చర్చిలో నిలబడి, మీ మనవరాలు దొరల ముందే మద్యాన్ని ఉమ్మేసిందని సాక్ష్యం చెప్పారట.

ఇక్కడ అందరూ ఉమ్ముతారు. ఏడు రకాలు వరసగా చూడాలి. మింగుతూ పోతే నాలుగోదానికే నాలుక పనిచేయదు. అది భక్తి కాదు, పద్ధతి.

ఈ ద్రాక్షతోటవాళ్లు వాననీళ్లు పట్టి, గొర్రెలతో కలుపు మేపించి, భూమిని కాపాడుతున్నామని టికెట్ పెట్టి మరీ చూపిస్తారు. నానమ్మ ముప్పై ఏళ్లుగా బియ్యం కడిగిన నీళ్లు గోంగూరకు పోస్తోంది. చూడ్డానికి ఒక్క దొరా రాలేదు.

మీ ఫ్లోరెన్స్

తా.క. నాలుగో వైన్‌లో తడిరాయి, సముద్రపు గాలి తెలుస్తాయన్నాడు గైడు. నాకు మన వీధి కుళాయి తెలిసింది. ఇనుము తగులుతోందన్నాను. నవ్వారు.

---

ప్రియమైన మనవరాలికి, ప్రభువు కృప తోడుండాలని ఏసుదానం తాత రాయించేది.

కళ్లకి ఆపరేషనయింది గదా, మీ నానమ్మే చదివింది, తనే రాత్తంది. ఏడు గ్లాసులా! నేను ఒకటే అని చెప్పేను. అబద్ధసాక్ష్యం పాపం గనక, ఆదివారం మళ్లీ నిలబడి ఏడని దిద్దుకున్నాను. అందరూ ఉమ్ముతున్నారంటే నిన్ను చూసి మారినట్టే. పాస్టరుగారు నీ ఫోటో ఫ్లెక్సీ కొట్టించేరు. వచ్చే నెల మద్యపాన వ్యతిరేక సభకి నువ్వే ముఖ్య వక్తవి.

తా.క. సభలో పాటలు పాడే ప్రేమ్‌కుమార్ నిన్ను చేసుకుంటానన్నాడు. టెల్కో కాలనీ కుర్రోడు, టీ కూడా ముట్టడు. మాటిచ్చేను. నీ నంబరూ ఇచ్చేను.

---

తాతయ్యకు వందనాలు.

ఎవరూ మారలేదు. సాయంత్రం పనయ్యాక అందరూ తాగుతారు. నేనూ ఒక గ్లాసు తాగుతాను. బావుంటుంది.

నేను ఇనుము తగులుతోందన్న ఆ నాలుగో వైన్ తొట్టిని తోట యజమానురాలు విప్పించి చూసింది. లోపల బోల్టు తుప్పు పట్టి ఉంది. ఇన్నాళ్లూ దాన్నే సముద్రపు గాలి అని అమ్మారు. నన్ను రెండేళ్లు ఉద్యోగంలో ఉండమంటోంది. రోజూ రుచి చూసి చెప్పడమే పని. శుక్రవారంలోగా జవాబివ్వాలి.

ఫ్లోరెన్స్

తా.క. మాటిచ్చింది మీరు గనక నిలబెట్టుకోవాల్సిందీ మీరే. ఆయనకు వంట వచ్చేమో కనుక్కోండి, మీకు పనికొస్తుంది.

---

మనవరాలికి తాత దీవెనలు.

రోజూ ఉమ్మడానికి జీతమిత్తారా! సేవంటే అదీ. కానీ ముందు పెళ్లి. తరవాత ప్రేమ్‌కుమార్ కూడా అక్కడికి వచ్చి ఆ జనాన్ని మారుత్తానంటన్నాడు. తిరుగు టికెట్ మార్చకు.

తా.క. ఇది నానమ్మ సొంతంగా రాత్తంది. ఒక గ్లాసు తాగుతానన్న లైను మీ తాతకి నేను చదవలేదు. తియ్యగుంటాదా, పుల్లగానా?

---

తాతయ్యకు వందనాలు.

నానమ్మా, రెండూ కాదు, కొంచెం వగరు. ఈ ఉత్తరం మాత్రం ఒక్క లైనూ తప్పించకుండా చదువు.

ప్రేమ్‌కుమార్ నాకు మెసేజ్ పెట్టాడు. వచ్చేటప్పుడు రెండు సీసాలు తెమ్మన్నాడు. ఓడలకు ఎక్కించి బయటి దేశాలకు పంపే రకం వద్దట, దీవిలోవాళ్లు తాగేదే కావాలట. చీరల మడతల్లో పెడితే పగలవట. వైన్ గురించి ఆయనకు నాకంటే ఎక్కువ తెలుసు. ఆ మెసేజ్ పాస్టరుగారికి పంపాను.

ఉద్యోగానికి సంతకం చేశాను. టికెట్ రద్దు చేశాను. సభకు రాను, పెళ్లి చేసుకోను.

ఫ్లోరెన్స్