కాంటా ప్రోగ్రాంలో నీ హ్యాండ్లర్లు పీకేశాను

రషీదన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. మంచివాడివని అందరూ అంటున్నారు. నేను అనను. నీ కోడ్ నా నెత్తిన పెట్టి పోయావు కదా.

బోధన్ రైస్‌మిల్లు కాంటా ప్రోగ్రాం నువ్వు రాసిందే. బరువు అంకె మారితే పలికే హ్యాండ్లర్ అనే కోడ్ ముక్క ఒకటి, బటన్ నొక్కితే పలికేది ఇంకొకటి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. అంకె ఊగుతుండగా బటన్ నొక్కితే ఆ తప్పు బరువే రసీదులో పడేది. రెండింటినీ ఒకే స్ట్రీమ్‌లో, అంటే ఒకే ప్రవాహంలో కలిపి, అంకె కుదురుకున్నాకే రసీదు ఇద్దామన్నాను. "బటన్ నొక్కితే పని గావాలె. గీ వాగులు, కాల్వలు నాకు జెప్పకు" అని కంఠేశ్వర్‌లోని మన ఆఫీసులో అందరి ముందూ నా నోరు మూయించావు.

నిన్న నీ హ్యాండ్లర్లన్నీ పీకేసి స్ట్రీమ్ పెట్టాను. ఇవాళ పొద్దున మిల్లులో వడ్ల ట్రాక్టర్‌ను కాంటా ఎక్కించి బటన్ నొక్కితే ఏమీ రాలేదు. ఇంజన్ దడదడలాడుతుంటే అంకె ఎక్కడ కుదురుకుంటుంది?

కాంటా గదిలో కూర్చునే లక్ష్మక్క కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవర్‌ మీద అరిచింది. "ఇంజన్ బంద్ జెయ్‌రా, నీ పెండ్లికి అచ్చినమా."

అది నీ తిట్టు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా డ్రైవర్లను తిట్టేవాడివి. నీ కోడ్ చేయని పని నీ నోరు చేసేదన్నమాట. ఇంజన్ ఆగింది, రసీదు వచ్చింది.

కోడ్‌లో నువ్వు రాసిన లైను ఒక్కటీ మిగల్చలేదు. ఆమె నోట్లోంచి నిన్నెట్లా తీసెయ్యాలో మాత్రం చెప్పకుండా పోయావు.