తుఫానులో పొదిగిన గుడ్లు

ఆత్రేయపురం

చిరంజీవి హేమశ్రీకి నాన్న ఆశీస్సులు. తుఫాను దాటిపోయింది. ఇక్కడ మనుషులం, గేదెలు, సగం కొబ్బరిచెట్లు క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. ఫోన్లు ఉంచుకోనివ్వని మీ హాస్టల్ పుణ్యమా అని నా చేతిరాత బాగుపడుతోంది.

కరెంటు పోతే నీ ఇంక్యుబేటర్ గతేమిటని కిందటి ఉత్తరంలో అడిగావు. నువ్వు భయపడ్డట్టే అయింది. నువ్వు అందులో పెట్టి, పిల్లలయ్యేదాకా చూడమని మాకు అప్పగించిన నాటుకోడి గుడ్లు రేపోమాపో పగులుతాయనగా, సాయంత్రం కరెంటు పోయింది. దుప్పటి కప్పినా పెట్టె చల్లబడిపోతోంది. నేను చేతులెత్తేశాను. మీ అమ్మ మాత్రం తను కేకులు చేసే గ్యాస్ ఓవెన్ వైపు చూసింది.

కేకుల్లా వండేస్తావా అని నవ్వాను. తను నవ్వలేదు. అగ్గిపుల్లతో సన్నగా వెలిగించి, ఓవెన్ తలుపు తెరిచిపెట్టి, గుడ్ల బుట్టను ఎదురుగా బల్లమీద ఉంచింది. గుడ్డును కనురెప్పకు ఆనించుకుని వేడి చూసుకుంటూ బుట్టను ముందుకూ వెనక్కూ జరిపింది. చీకటి వంటింట్లో ఆ నీలిమంట ముందు తనను చూస్తుంటే, ఇన్నేళ్లూ నేను కాపురం చేసింది ఈవిడతోనేనా అనిపించింది.

ఇక, ఆదివారం వార్డెన్ గారి ఫోన్లో మీ అమ్మ నన్ను చెప్పనివ్వని సంగతి. వెచ్చదనం పోకూడదని కిటికీలు బిగించి, తలుపు సందుల్లో గోతాలు కుక్కింది నేను. ఆ గాలివానలో అదే తెలివనుకున్నాను. కాసేపటికి “తల తిరుగుతోందండీ” అంటూ తను గోడవారకు జారిపోయింది. నాకూ కాళ్లు తేలిపోతున్నాయి. ఓవెన్ కట్టేసి, తలుపు తన్ని తెరిచి, తనను వరండాలోకి లాక్కొచ్చాను. పొద్దున డాక్టరుగారు చూసి ప్రమాదం లేదన్నారు. మూసిన గదిలో గ్యాస్ మంట విషం వదులుతుందని నన్ను బాగా చీవాట్లు పెట్టారు.

కళ్లు తెరవగానే మీ అమ్మ అన్న మొదటి మాట, “గుడ్లేవండీ?” బుట్ట తెచ్చిచ్చాను. వాటిని చీరకొంగులో చుట్టి ఒడిలో పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని కూర్చుంది.

తెల్లవారుతుండగా నా చెయ్యి పట్టుకుని ఒక గుడ్డుకు ఆనించింది. లోపలినుంచి కొడుతోంది. నువ్వు పుట్టినప్పుడు మగవాళ్లను లోపలికి రానివ్వక, నేను ఆసుపత్రి వరండాలోనే నిలబడ్డాను. ఈసారి వరండాలోనే, నా అరచేతికింద పెంకు పగిలింది. ఏడ్చేశాను తల్లీ, నీ దగ్గర దాపరికం ఎందుకు.

కొన్ని గుడ్లు దక్కలేదు. దక్కిన పిల్లలన్నీ మీ అమ్మ వెనకే తిరుగుతున్నాయి. నా వైపు ఒక్కటీ రాదు. తలుపులు మూసింది ఎవరో వాటికి తెలిసిపోయినట్టుంది.

ఇట్లు,
మీ అమ్మ పక్కగదిలో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వింటూ, దేవుడికి దండం పెట్టుకుంటున్న
మీ నాన్న
గంగరాజు