సినిమా మధ్యలో అరగంట కరెంటు తీసివేయవలెనని మనవి

న్యూ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

మా క్వార్టర్లకు కరెంటు సరఫరా చూచు ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వచ్చే ఆదివారం మా సంఘం హాలునందు హాస్య చిత్రం నడుచుచుండగా కరెంటు తీసివేయుట గురించి.

తమరు బొబ్బిలి వైపు వారని తెలిసి తెలుగులో వ్రాసుకొను ధైర్యం చేయుచున్నాను. నేను వర్క్‌షాపులో ఫిట్టరును. మా వీధిలో కరెంటు పోవుచున్నదని లోగడ తమకు పెట్టుకొన్న అర్జీలన్నింటినీ ఇందుమూలముగా వెనుకకు తీసుకొనుచున్నాను. కారణములు దిగువన మనవి చేయుచున్నాను.

1. నా భార్య సింహాచలమ్మ, పక్క క్వార్టరు జాకబ్ గారి భార్య జ్ఞానరత్నం గారు, పెళ్ళిళ్ళై ఈ ఊరు వచ్చిన నాటి నుండి నడిమి గోడకు చెరొక వైపున నిలబడి మాట్లాడుకొనేవారు. ఏమి మాట్లాడుకొనేవారో తెలియదు గాని నవ్వులు మాత్రం రోడ్డు మీదకు వినబడేవి. నైట్ డ్యూటీ చేసి పడుకొన్న నేను ఆ నవ్వులకు లేచి కూర్చొన్న పగళ్ళు అనేకం. మొన్న వర్షాకాలంలో జ్ఞానరత్నం గారు జ్వరంతో కాలం చేసినారు. అప్పటి నుండి నా భార్య గోడ వైపు పోవుట మానినది. మాటలు కూడా కుదించినది. ‘అన్నం’, ‘తలుపు’, ‘గ్యాస్ అయిపోనాది’. అంతే.

2. ఇటువంటి పరిస్థితులలో మా సంఘం కార్యదర్శి వాసుదేవ్ ఒక హాస్య చిత్రం తెప్పించినాడు. “మావా, కడుపు సెక్కలైపోద్ది. అత్తని తీసుకురా. నవ్వకపోతే నన్నడుగు” అన్నాడు. నా భార్యను బతిమాలి తీసుకొనిపోయినాను. ఒంటరిగా కూర్చొని ఉన్న జాకబ్ గారిని కూడా లేవదీసినాను.

3. సదరు చిత్రమునందు హీరో అరటితొక్క మీద కాలు వేసి పడెను. ఎవరూ నవ్వలేదు. మరల పడెను. మొదటిసారి మేము సరిగా చూడలేదని వారు భావించినట్లున్నది. పిమ్మట మామగారి చెంప మీద ఎవరో కొట్టగా డోలు శబ్దం వచ్చెను. అది చూచి తెర మీద ఉన్నవారందరూ విరగబడి నవ్వినారు. మాకంటూ ఏమీ మిగల్చకుండా నవ్వంతా వారే నవ్వుకొన్నారు. సుభాష్‌పల్లి నుండి వచ్చిన ఒక బెంగాలీ పెద్దాయన, భాష రానివారు, ఇది ఏడుపు సినిమాయా అని నన్ను మెల్లగా అడిగినారు. ఏటి చెప్పమంటారు? అవునన్నాను. నా భార్య ఒళ్ళో చేతులు పెట్టుకొని గోడను చూచినట్లే తెరను చూచుచుండెను.

4. అంతట తమ దయ వలన కరెంటు పోయినది. చిమ్మ చీకటి. ఎవరి చేయి వారికి కనబడదు. ఆ చీకట్లో నా పక్క నుండి ఒక గొంతు వినబడినది.

“ఆ పిల్లడు పాపం అన్నిసార్లు పడిపోనాడు. ఆళ్ళమ్మ ఒక్కపాలైనా, దెబ్బ తగిలిందేట్రా, అని అడిగినాదేటి?”

నా భార్య గొంతును నేను పోల్చుకొనుటకు కొంత సమయం పట్టినది. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

“అంత బంగ్లా కట్టినారు. మెట్లు దిగడం తప్పితే ఆళ్ళకి ఇంకో పన్లేదు. వంటింట్లోకి ఒక్కలూ ఎల్లరు. ఏటి తింతన్నారో మరి.”

ఈ పర్యాయం నాలుగు వరుసలు నవ్వినవి. జాకబ్ గారు చీకట్లో నుండి, “ఇంకేటి సూసినావు సెల్లెమ్మా?” అని అడిగినారు.

“ఆ పిల్లడు సీర కట్టుకొస్తే కట్టుకున్న పెళ్ళాం పోల్చుకోలేదట అన్నా. మా మడిసి సీర కట్టి, ముసుగేసి, గూడ్సుబండి ఎనకాతల దాక్కున్నా, ఆ దగ్గు ఇంటే సాలు, టీ కావాలా అని అడిగెత్తాను.”

దురదృష్టవశాత్తు అర్జీదారునికి సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చినది. ఆపుకొనుటకు ప్రయత్నించగా మరింత పెద్దగా వచ్చినది. వెనుక బెంచీ నుండి ఎవరో, “చా ఖాబేన్, దాదా?” అని బెంగాలీలో టీ తాగుతారా అని అడిగినారు. హాలు పైకప్పు రేకులు అదిరినవి. తెలుగు రాని పెద్దాయన కూడా నవ్వినారు.

నవ్వులు తగ్గిన పిదప ఆమె నెమ్మదిగా, “జ్ఞానరత్నం ఉంటే ఈపాటికి లేసి ఎల్లిపోయీది. నన్నూ లాక్కుపోయీది” అన్నది. వర్షాకాలం తరువాత ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. జాకబ్ గారు ఏమందురో అని నేను భయపడినాను.

“మరి నన్నొదిలీసేనా?” అన్నారాయన.

“నువ్వెలగూ నిద్రోతావు గదన్నా.”

ముందుగా నవ్వినది జాకబ్ గారే. ఆ నవ్వు చివర ఏమున్నదో చీకట్లో ఎవరూ చూడలేదు. చీకటి వలన అది ఒక సౌకర్యం.

5. అంతలో కరెంటు వచ్చినది. జనం అటూ ఇటూ చూచినారు, ఆ మాట్లాడినది ఎవరా అని. నా భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకొని తల వంచుకొన్నది. హీరో మరల పడెను.

6. ఇంటికి వచ్చినాక, “తలుపు” అన్నది.

ఆ రోజు కరెంటు వలన ఆలస్యమై సినిమాను సగంలోనే ఆపివేసినందున వచ్చే ఆదివారం మొదటి నుండి వేయుదునని వాసుదేవ్ ప్రకటించినాడు. వీధిలో కొందరు ఆ రోజుకు తాల్‌బగీచాలో చుట్టాలను వెతుక్కొనుచున్నారు. కావున సదరు ఆదివారం, ఇంటర్వెల్‌కు ముందు, అరగంట సేపు కరెంటు తీసివేయ ప్రార్థన. అరగంట వీలుకాకపోతే కనీసం జాకబ్ గారు ఒక మాట, ఆమె ఒక మాట అనుకొనేంత సేపైనా.

ఈ విషయమై ముందుగా తమ లైన్‌మన్ దాదాను కలిసినాను. “కాకా, కరెంటు పోయిందని అందరూ తిడతారు. తీసెయ్యమని అడిగినవాడివి నువ్వొక్కడివే. సాహెబ్‌కి అర్జీ పెట్టుకో” అన్నాడు. అందువలన పెట్టుకొనుచున్నాను.

తమ రూల్సు పుస్తకంలో ఇటువంటి దానికి చోటు లేదని తెలియును. చోటు లేని చోట తమ దయ ఉన్నదని తలచి, ఈ మనవిని ఫైలులో కాక మనసులో పెట్టుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బోనెల అప్పలస్వామి,
ఫిట్టరు.

తా.క.: సంతకం చేయుచుండగా నా భార్య వచ్చి భుజం మీదుగా అంతా చదివినది. “ఆ బాబుకి ఇంకో పన్లేదనుకున్నావేటి?” అన్నది. “సీకటే గదా కావాల. దానికి దరకాస్తేటి?” అని కిటికీ రెక్కలు మూసి లైటు ఆర్పివేసినది. ప్రస్తుతం చీకట్లో వ్రాయుచున్నాను, అక్షరములు ఒకదాని మీద ఒకటి ఎక్కినచో మన్నించవలెను. జ్ఞానరత్నం గారు ఒకసారి మేక పిల్లను ఎత్తుకొని లోకల్ బండి ఎక్కిన సంగతి మొదలుపెట్టినది. ఇన్నేళ్ళు గోడ దగ్గర ఏమి మాట్లాడుకొన్నారో ఇప్పుడు తెలియుచున్నది. టీటీ వచ్చినాడట. గోడ అవతల జాకబ్ గారు కుర్చీ దగ్గరకు లాక్కొన్న చప్పుడైనది. ఆదివారం సంగతి తమ ఇష్టం. ఇక ఆపుతున్నానండి. కలం గీకుడుకి మేక ఏమైందో వినబడడం లేదు.