రెండోసారి ముంచిన కాగితం

డులూత్,
ఫిబ్రవరి 9

ప్రియమైన వెర్నా,

ఫోన్లో నువ్వన్నది తప్పు. పక్కింటి కొలీన్ మా ఆయనతో కలిసి పెరట్లో వేడినీళ్ళ తొట్టిలో కూర్చుంటుందని కాదు నా కడుపుమంట. కూర్చోనీ. మెడదాకా నీళ్ళు, నెత్తిన ఉన్ని టోపీ, మీసాల మీద మంచు, డెబ్భై ఆరేళ్ళ గోర్డన్. ఆ దృశ్యం ఎవరి కాపురాన్నీ కూల్చదు. ఆమె నా నీళ్ళు పరీక్షిస్తోంది. మంట అక్కడ.

ఇరవై రెండేళ్ళుగా ఆ నీళ్ళు నావి. బడిలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ముందు క్షారత, ఆ తర్వాత ఆమ్లం, చివర్న క్రిముల్ని చంపే బ్రోమిన్. ఒళ్ళు కడుక్కోకుండా దిగబోతే సొంత అల్లుణ్ణే వెనక్కి పంపాను. గోర్డన్‌కి ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు కాబట్టి నీళ్ళలో ముంచితే రంగు మారే పరీక్ష కాగితం వంక ఎన్నడూ చూడలేదు. "నువ్వు సరే అంటే దిగుతా" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో కూడా నన్నింతగా నమ్మలేదు.

నిన్న ఉదయం కాగితం ముంచి, రంగు చూసి, సోడా పొడి వేసి లోపలికొచ్చాను. వంటింటి కిటికీలోంచి చూస్తే కొలీన్ మరో కాగితం ముంచుతోంది, నేను దిద్దిన జవాబు పత్రాన్ని మళ్ళీ దిద్దుతున్నట్టు. గోర్డన్ ఆమె భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. రంగులే తెలియని మనిషి ఏం చూస్తున్నట్టు? ఏవో గుసగుసలు. ఆమె జేబులోంచి తన పొడేదో తీసి వేసింది.

అడిగితే "ఏం లేదు, సరదాకి చూసింది" అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళలో నాతో ఆడిన మొదటి అబద్ధం. అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి.

బట్టలు మెత్తబడటానికి వాడే ద్రవం ఒక్క మూతెడు చాలు, తొట్టి నిండా నురుగే. ఆదివారం పోస్తాను. ఆవిడ పొడి వల్లే అనుకుంటాడు. నీలోనే ఉంచుకో.

నీ అక్క,
ఆర్లిస్


ఫిబ్రవరి 17

చెల్లీ,

పోశాను. గోర్డన్ బుడగల మీట నొక్కగానే నురుగు గట్టు దాటి మంచు మీద పడింది. "ఎవరేం కలిపారో మరి" అన్నాను గుమ్మంలో నిలబడి.

కొలీన్ నా మొహంలోకి చూసింది. "నాదే తప్పు ఆర్లిస్. సబ్బు వదలని ఈత బట్టలతో దిగాను."

ఆమె ఇంకా కోటు కూడా విప్పలేదు.

"ఇక చాల్లే కొలీన్" అని గోర్డన్ నా వైపు వీపు తిప్పి చూపించాడు. మానిపోయిన దద్దుర్ల మచ్చలు. "పోయిన చలికాలం నుంచీ నీకు రంగులు తేడాగా కనిపిస్తున్నాయి. ఎర్రగా ఉన్నదాన్ని నారింజ అంటావు, ఇంకాస్త సోడా వేస్తావు. నీళ్ళు తెల్లబడిపోయాయి. కొలీన్ చూసి చెప్పేదాకా నాకూ తెలియలేదు. నాలుగు నెలలుగా తనే సరిచేస్తోంది."

"నాతో అనొచ్చుగా."

"అంటే మళ్ళీ కాగితం ముట్టవు. నీ సంగతి నాకు తెలీదూ?"

"దురద పెడుతుంటే ఎందుకు దిగావయ్యా?"

"నువ్వు సరే అన్నావుగా."

కంటి డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలన్నాడు. లోకాన్ని టీ నీళ్ళలోంచి చూస్తున్నానట. ఈ నెల ఇరవై ఏడున మొదటి కన్ను ఆపరేషన్.

నురుగు నా పనేనని కొలీన్‌తో చెప్పాను. "తెలుసు, వాసనొచ్చింది" అంది. తొట్టి ఖాళీ చేసి, గొట్టాలు కడిగి, ముగ్గురం కొత్త నీళ్ళు పట్టాం. రంగులు ఆమె చదివింది, మోతాదులు నేను చెప్పాను. నా అసూయ తగ్గిందనుకోకు. మొగుడి మీద కన్నేసిందనుకున్నప్పుడు తిట్టుకోడానికైనా వీలుండేది. ఆవిడ నాకంటే మంచిదని తేలాక ఏం చేయను?

ఆపరేషన్ తర్వాత నెల రోజులు నేను ఆ నీళ్ళలో దిగకూడదట, వంగకూడదట. నువ్వు ఇరవై ఆరునే వచ్చెయ్. దారిలో ఈత కొలనుల సామాన్ల కొట్టు దగ్గర ఆగి, చుక్కలు వేసి పరీక్షించే పెట్టె ఒకటి కొను. సీసాల మీద గడువు తేదీ చూసుకో, ఆ కొట్టువాడు పాతవి అంటగడతాడు. దాన్ని మా ఇంటికి తేకు. ముందు పక్కింటి తలుపు కొట్టి, కొలీన్ చేతికిచ్చి, అప్పుడు రా.

ఆర్లిస్